చెక్కు: రాజు పేరు కాగితం మీదికి ఎలా వచ్చింది?

ప్రశ్న:

ఇంగ్లీషులో డబ్బు చెల్లించే చెక్కుకు చివర "క్యు, యు, ఇ" రాస్తారు. సరిచూడడం అనే అర్థంలో వాడే చెక్‌కు "సి, కె" రాస్తారు. అమెరికా వాళ్లు మాత్రం రెంటికీ ఒకటే స్పెల్లింగు వాడతారు. ఇవి రెండు మాటలా, ఒకే మాటా? అరబ్బీలోని "సక్క్" దీనికి మూలమని ఒకచోట చదివాను, చదరంగం నుంచి వచ్చిందని మరోచోట చదివాను. ఇవేవీ కాదు, మన "చెక్కడం" నుంచే వచ్చిందని మా మిత్రుడు వాదిస్తున్నాడు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

ఒకే మాటండీ. మూలం చదరంగమే. అయితే "చదరంగం నుంచి వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. ఆటలో రాజుకు ముప్పు వచ్చిందని అరిచే కేక ఎక్కడ, బ్యాంకు గుమాస్తా చేతిలో పెట్టే కాగితం ఎక్కడ! ఆ రెంటి మధ్యా అనేక మెట్లున్నాయి. వాటిలో ఒక మెట్టును చాలామంది గమనించకుండా దాటేస్తారు. చెక్కు అన్న పేరు మొదట బ్యాంకుకు వెళ్లే కాగితానిది కాదు. కాగితం చింపి ఇచ్చేశాక మన దగ్గర మిగిలే ముక్కది. ఈ మాట చరిత్రకు అదే కీలకం. అక్కడికి వస్తాను, కానీ మొదటి నుంచీ వస్తేనే అది అర్థమవుతుంది.

పారశీకంలో "షా" అంటే రాజు. ఇది చాలా పాత మాట. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద క్రీస్తు పూర్వం 6వ శతాబ్దం చివర డేరియస్ చక్రవర్తి చెక్కించిన శాసనం ఉంది. అందులో ఆయన తనను గొప్ప రాజుననీ, రాజులకు రాజుననీ చెప్పుకున్నాడు. అక్కడ రాజు అనే అర్థంలో వాడిన పాత పారశీక పదం "ఖ్షాయథియ". అదే అరిగి అరిగి "షా" అయింది. "రాజులకు రాజు" అన్న పదబంధం "షాహన్‌షా"గా నిలిచింది. పాత పారశీకమూ సంస్కృతమూ దగ్గరి బంధువులు కాబట్టి, పాలించడం అనే అర్థం ఉన్న ఈ ధాతువు సంస్కృతంలోనూ ఉంది. క్షత్రం, క్షత్రియుడు అన్న మాటలు ఆ కుదురులోవే. అంటే చెక్కుకూ క్షత్రియుడికీ దూరపు చుట్టరికం ఉంది. చెవికి ఒకేలా వినిపించడం వల్ల అంటున్న మాట కాదిది. ఈ రెండు భాషల ధ్వనులు ఒకదానికొకటి ఎలా సరిపోతాయో చూపే నియమాలున్నాయి, వాటికి ఇది లొంగుతుంది.

ఇక ఆట. చతురంగం భారతదేశం నుంచి ఇరాన్‌కు వెళ్లి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. మన చదరంగం కూడా ఆ చతురంగమే. ఆటకు పేరు మన దగ్గరి నుంచి వెళ్లింది గానీ, రాజుకు ముప్పు వచ్చినప్పుడు ఎదుటివాడిని హెచ్చరించే కేక మాత్రం పారశీకులదే: "షా!" రాజును చూసుకో అని అర్థం. ఆట ఐరోపాకు చేరేసరికి అక్కడివాళ్లు ఆ కేకనే పట్టుకున్నారు. మధ్యయుగపు లాటిన్‌లో అది "స్కాక్కుస్", పాత ఫ్రెంచిలో "ఎస్చెక్". దాని బహువచనం "ఎస్చెస్" ఇంగ్లీషులో ముందున్న అచ్చు పోగొట్టుకుని "చెస్" అయింది. అంటే ఇంగ్లీషులో ఆ ఆట పేరుకు, తవ్వి చూస్తే, "రాజులు" అని అర్థం. జర్మన్‌లో షాఖ్, ఇటాలియన్‌లో స్కాక్కో, రష్యన్‌లో షాఖ్‌మాతి. అన్నీ ఆ రాజుగారి సంతానమే.

మనం "ఆటకట్టు" అనే దాన్ని ఇంగ్లీషులో చెక్‌మేట్ అంటారు. అది "షా మాత్" నుంచి వచ్చింది. రాజు చనిపోయాడు అని కొందరు అర్థం చెబుతారు. అరబ్బీలో "మాత" అంటే చనిపోయాడు కాబట్టి అది సహజంగా తోచే అర్థమే. కానీ ఆటలో రాజు ఎన్నడూ చావడు, కదలలేక చిక్కుకుపోతాడు. దిక్కుతోచక మిగిలిపోవడం అనే అర్థం ఉన్న పారశీక ధాతువుతో "మాత్"ను ముడిపెట్టే పండితులున్నారు. నాకు ఆ వాదనే ఆట స్వభావానికి సరిపోయినట్టు కనిపిస్తుంది. మన పూర్వులు "ఆటకట్టు" అనడంలో కూడా చావు లేదు, కట్టుబడి పోవడమే ఉంది.

ఇంగ్లీషులో చెక్ మొదట ఆటలోని కేకే. 14వ శతాబ్దం నాటికి అది ఆట దాటి బయటికి వచ్చింది. రాజుకు చెక్ చెబితే ఎదుటివాడు తన పథకమంతా ఆపి ముందు రాజును కాపాడుకోవాలి. అందుకని చెక్ అంటే ఆపడం, అడ్డుకోవడం, అదుపులో పెట్టడం. తర్వాత అదుపు నుంచి తనిఖీ పుట్టింది. లెక్క అదుపు తప్పకుండా ఉండాలంటే దాన్ని మరొక దానితో పోల్చి చూడాలి కదా! ఆ పోల్చి చూడడానికి చెక్ అనే పేరు 17వ శతాబ్దంలో స్థిరపడింది. వైద్యులు చేసే చెకప్, విమానాశ్రయంలో చెకిన్, పరీక్ష రాశాక జవాబులు చెక్ చేసుకోవడం అన్నీ ఈ కొమ్మకు కాసినవే.

వీటన్నిటికన్నా ముందే, ఇదే మాట పక్కదారిలో ఇంకో ఇంటికి చేరింది. అది ఇంగ్లండు రాజుగారి ఖజానా, ఎక్స్‌చెకర్. దాని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి.

12వ శతాబ్దంలో ఇంగ్లండు రాజుకు కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఎక్స్‌చెకర్ పనితీరు మీద లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. గురుశిష్య సంవాదంగా రాశాడు. రెండో హెన్రీ రాజ్యానికి వచ్చిన 23వ ఏట, అంటే 1177 ప్రాంతంలో, థేమ్స్ నది పక్కన ఒక గోపురం కిటికీ దగ్గర తాను కూర్చుని ఉండగా ఈ సంభాషణ మొదలైందని చెబుతాడు. ఎక్స్‌చెకర్ అంటే ఏమిటి అని శిష్యుడు అడుగుతాడు. గురువు తత్త్వం చెప్పడు, బల్ల కొలతలు చెబుతాడు. పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు. పైన పెట్టినవి జారి పడిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తున అంచు. దాని మీద పరిచే గుడ్డను ఈస్టర్ సమావేశాలప్పుడు కొంటారు. అది మామూలు గుడ్డ కాదు, నల్లనిది, ఒక అడుగో ఒక జానెడో ఎడంతో గీతలున్నది. ఆ గీతల మధ్య బిళ్లలు పేరుస్తారు. ఒక వరుసలో పెన్నీలు, తర్వాతి వరుసలో షిల్లింగులు, తర్వాత పౌన్లు, ఆపైన ఇరవైలు, వందలు, వేలు.

ఎందుకంత ఏర్పాటు? అప్పటికి అక్కడ లెక్కలు రాసేది రోమన్ అంకెల్లో. వాటితో చిట్టా రాయవచ్చు గానీ కూడికలూ తీసివేతలూ చేయడం నరకం. అందుకే లెక్కంతా బిళ్లలతో బల్ల మీద అందరి కళ్లెదుటా చేసి, తేలిన మొత్తాన్ని మాత్రం చర్మపు పత్రం మీద ఎక్కించేవారు. అలాంటి వార్షిక లెక్కల చుట్టల్లో ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది 1129–30 నాటిది.

ఆ గీతల గుడ్డ పరిచిన బల్ల చదరంగపు పలకలా ఉంది. లాటిన్‌లో చదరంగపు పలకను "స్కాక్కారియుం" అంటారు, పాత ఫ్రెంచిలో "ఎస్చెకియెర్". బల్లకు ఆ పేరు వచ్చింది, బల్ల చుట్టూ కూర్చునే అధికారులకు వచ్చింది, చివరికి శాఖ మొత్తానికే వచ్చింది. ముందున్న "ఎస్" శబ్దాన్ని తర్వాతివాళ్లు లాటిన్ ఉపసర్గ అనుకుని "ఎక్స్"గా దిద్దేశారు. బ్రిటన్‌లో ఆర్థికమంత్రిని ఈనాటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటున్నారంటే ఆ నల్లగుడ్డ వల్లనే.

నాకు ఆ గ్రంథంలో అన్నిటికన్నా నచ్చేది తర్వాతి ప్రశ్న. పోలిక ఒక్కటేనా, ఇంకేమైనా కారణం ఉందా అని శిష్యుడు వదలకుండా అడుగుతాడు. ఉందంటాడు గురువు. చదరంగంలో ఒక్కో రకం యోధుడికి ఒక్కో నడక, ఒక్కో హద్దు ఉన్నట్టే ఇక్కడ కూర్చున్నవారెవరూ తమ నియమం దాటలేరు. ఆటలో పోరు రాజుల మధ్య జరిగినట్టే ఇక్కడ ముఖ్యంగా ఇద్దరి మధ్య జరుగుతుంది. ఒకరు కోశాధికారి, ఇంకొకరు లెక్క చెప్పడానికి వచ్చిన షెరీఫ్. తక్కినవాళ్లు న్యాయమూర్తుల్లా చూస్తూ కూర్చుంటారు. పన్నులు వసూలు చేసుకొచ్చిన జిల్లా అధికారి ఆ పొడవాటి బల్లకు ఇవతల కూర్చుని, తన లెక్కలోని బిళ్లలు ఒక్కొక్కటే కదులుతుంటే చూడడం ఎలా ఉండేదో ఊహించండి. పేరు పెట్టినవాళ్లకు ఆ పోలిక ఆకారంలోనే కాదు, ఒత్తిడిలో కూడా కనిపించింది.

ఆ బల్ల దగ్గరే ఇంకో పనిముట్టు ఉండేది. దాని పేరు ట్యాలీ. ఎక్కువగా హేజెల్ చెట్టు కర్ర. చెల్లించిన సొమ్మును దాని మీద గాట్లుగా వేసేవారు. గాట్ల కొలతలు కూడా ఫిట్జ్‌నీల్ చెప్పాడు. వెయ్యి పౌన్లకు అరచేతి మందం, వందకు బొటనవేలి మందం, ఇరవైకి చిటికెన వేలి మందం, ఒక్క పౌనుకు పండిన బార్లీ గింజ మందం. పెన్నీకి కర్ర ఏమీ తీయకుండా ఒక్క గీత. గాట్లు వేశాక కర్రను నిలువునా రెండుగా చీల్చేవారు. ఒక సగం డబ్బు కట్టినవాడికి, రెండో సగం ఖజానాకు. తగాదా వచ్చినప్పుడు రెండు సగాలూ పక్కపక్కన పెడితే గాట్లు కలవాలి. ఒకడు దొంగచాటుగా తన సగానికి ఇంకో గాటు చేర్చుకున్నా రెండోదానిలో అది ఉండదు కాబట్టి దొరికిపోతాడు. ఇంత తేలికైన, ఇంత గట్టి భద్రత నేను మరెక్కడా చూడలేదు. 1826 దాకా ఈ కర్రలు చలామణిలో ఉన్నాయి. మిగిలిపోయిన పాత కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది కొలుముల్లో వేసి తగలబెడుతుంటే ఆ మంట అదుపు తప్పి పార్లమెంటు భవనాన్నే దహించింది.

ఇప్పుడు కీలకమైన మెట్టు. ట్యాలీలో ఉన్న సూత్రం కాగితంలోకి వచ్చింది. ఒక పత్రం ఇస్తే దానికి సరిపోయే రెండో ముక్క ఇచ్చినవారి దగ్గర ఉండాలి. తర్వాత ఆ పత్రం తిరిగి వచ్చినప్పుడు రెండిటినీ సరిచూసుకోవాలి. మనం కౌంటర్‌ఫాయిల్ అనే ఆ రెండో ముక్కకు 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఇంగ్లీషులో చెక్ అన్న పేరు కనిపిస్తుంది. కారణం తెలుస్తూనే ఉంది. అది మోసాన్ని ఆపుతుంది, సరిచూడడానికి పనికొస్తుంది. అడ్డుకోవడం, సరిచూడడం అనే రెండు అర్థాలూ ఒకే కాగితపు ముక్కలో కలిశాయి.

మరి డబ్బు చెల్లించమని బ్యాంకుకు రాసే కాగితాన్ని అప్పుడు ఏమనేవారు? డ్రాఫ్ట్ అనో, డ్రాన్ నోట్ అనో అనేవారు. వస్తువు మాత్రం అప్పటికే ఉంది. లండన్‌లో మోరిస్, క్లేటన్ అనే వ్యాపారుల మీద రాసిన ఒక చేతిరాత చెక్కు ఇప్పటికీ ఉంది, దాని మీద తేదీ 1659 ఫిబ్రవరి 16. కాబట్టి వస్తువు పాతది, పేరు కొత్తది. 1717లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మోసాలు అరికట్టడానికి ప్రత్యేకమైన కాగితం మీద ఫారాలు అచ్చు వేయించింది. ఖాతాదారు స్వయంగా వెళ్లి అంకె వేసిన ఫారం తెచ్చుకోవాలి. ఇలా అచ్చు ఫారమూ దాని సరిచూపు ముక్కా జంటగా తిరగడం మొదలయ్యాక, ముక్క పేరు ఫారానికి అంటుకుంది. 18వ శతాబ్దం చివరికి చెక్ అంటే చెల్లింపు కాగితమే అయిపోయింది. పేరు పోగొట్టుకున్న ముక్కకు కౌంటర్‌ఫాయిల్ అనే వేరే పేరు కావలసి వచ్చింది. అందులోని ఫాయిల్ కూడా పాతదే. చీల్చిన ట్యాలీలో ఖజానా దగ్గర ఉండే సగాన్ని అలాగే పిలిచేవారు.

స్పెల్లింగు ప్రశ్నకు జవాబు ఇప్పుడు సులువు. ఖజానా పేరులో, అంటే ఎక్స్‌చెకర్‌లో, "క్యు, యు, ఇ" ఉంది. డబ్బుకు సంబంధించిన కాగితం కాబట్టి దీనికీ ఆ రాతే గౌరవంగా తోచింది. చాలాకాలం రెండు రాతలూ కలగాపులగంగా నడిచి, 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో డబ్బు చెక్కుకు ఒకటి, తక్కిన అన్ని చెక్‌లకూ ఒకటి అని విడిపోయాయి. అమెరికా పాత రాతనే ఉంచుకుంది. వాళ్లది తప్పనుకునేవారు ఎదురైతే, తేదీల ప్రకారం వాళ్లదే ముందుదని చెప్పండి.

మరో సభ్యుడు:

బాగుందండీ, కానీ అరబ్బీ సంగతి మీరు ముట్టుకోలేదు. అరబ్బు వర్తకులు ఐరోపాకన్నా శతాబ్దాల ముందే "సక్క్" అనే పత్రాలు వాడారు కదా. వస్తువు వాళ్లది, మాట దాదాపు అదే. ఇంత దగ్గర పోలికను కాదనడానికి ఏమిటి ఆధారం? ఐరోపా పండితులు తమ గొప్ప కోసం చదరంగం కథ అల్లారేమో.

జవాబు:

మీ మాటలో సగం నిజం, ఆ సగాన్ని ముందు గట్టిగా ఒప్పుకోవాలి. సక్క్ నిజంగా ఉంది. రాతపూర్వకమైన ఒప్పందం, రుణపత్రం, చెల్లింపు హామీ అనే అర్థాల్లో వాడారు. 10వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌకల్ సహారా ఎడారి దక్షిణపు అంచున అవుదగస్త్ అనే ఊళ్లో 42,000 దీనార్ల సక్క్ చూశానని రాశాడు. ఎడారికి ఉత్తరాన ఉన్న సిజిల్మాసా వర్తకుడికి రావలసిన బాకీ అది. ఒంటెల మీద బంగారం మోసుకుని ఎడారి దాటకుండా ఒక కాగితం ఆ పని చేసిందంటే ఆ వర్తకుల మధ్య ఎంత నమ్మకం ఉండాలి! ఆ మాట ఇప్పటికీ బతికే ఉంది. ఇస్లామీయ ఆర్థిక వ్యవస్థలో బాండ్ల వంటి పత్రాలను "సుకూక్" అంటారు, అది సక్క్‌కు బహువచనం. కాబట్టి ఐరోపా వాళ్ల గొప్ప కోసం దీన్ని దాచవలసిన అవసరం ఎవరికీ లేదు. చదరంగం కథలోనూ మూలం ఐరోపాది కాదు, ఇరాన్‌ది, ఐరోపాకు ఆ మాట అందింది అరబ్బుల చేతిమీదుగా.

వస్తువు ఎవరిది అన్న ప్రశ్న వేరు, మాట ఎక్కడిది అన్న ప్రశ్న వేరు. ఒకచోట పుట్టిన పద్ధతి ఇంకోచోట కొత్త పేరుతో మొదలవడం వ్యాపారంలో నిత్యం జరిగేదే.

మాట సంగతికి వస్తే, అరబ్బీ నుంచి ఐరోపా వాణిజ్యంలోకి వచ్చిన పదాలు వచ్చిన దారిని చూపిస్తాయి. టారిఫ్ తీసుకోండి. అరబ్బీలో తెలియజేయడం అనే అర్థం ఉన్న "తఅరీఫ్" ఇటాలియన్‌లో తరిఫ్ఫా అయింది, అక్కడి నుంచి ఫ్రెంచికీ ఇంగ్లీషుకూ వచ్చింది. మ్యాగజైన్ తీసుకోండి. సరుకు గిడ్డంగులనే అర్థం ఉన్న "మఖాజిన్" ఇటాలియన్‌లో మగజ్జీనో అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో దిగింది. మధ్యధరా సముద్రపు రేవులే ఆ దారి. చెక్కు కూడా సక్క్ నుంచి వచ్చి ఉంటే, ముందుగా వెనిస్, జెనోవా వర్తకుల చిట్టాల్లో కనిపించాలి. ఇటాలియన్లు చెక్కును "అస్సెఞ్ఞో" అంటారు, అది లాటిన్ మాట. ఫ్రెంచి వాళ్లు "షెక్" అంటారు, అది ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది, వాళ్లు దానికి చట్టం చేసింది 1865లో. అంటే మాట దక్షిణం నుంచి ఉత్తరానికి రాలేదు, లండన్ నుంచి కిందికి దిగింది.

రెండో కారణం ఇంకా బలమైనది, అందుకే కౌంటర్‌ఫాయిల్ గురించి అంతగా చెప్పాను. మాట సక్క్ నుంచి వచ్చి ఉంటే ఇంగ్లీషులో దానికి మొదటి నుంచీ చెల్లింపు పత్రం అనే అర్థమే ఉండాలి. పత్రానికి పేరుగా వచ్చిన మాట ముందు పత్రాన్ని వదిలి దాని సరిచూపు ముక్కకు పేరై, ఆపైన మళ్లీ పత్రానికి ఎక్కడం జరగదు. చెక్ అన్నది అదుపు, తనిఖీ అనే అర్థంలో ఇంగ్లీషులో ముందే ఉంది కాబట్టే ఆ వరుస అర్థవంతమవుతుంది.

ఆధునిక అరబ్బీలో చెక్కును "షీక్" అంటారు. అది ఐరోపా నుంచి తిరిగి తెచ్చుకున్న మాట. పాత సక్క్ కూడా పక్కనే నడుస్తోంది. సొంత మాట పిల్లే అది అని వాళ్లకు తోచి ఉంటే రెండు మాటలు పెట్టుకునే పని ఉండేది కాదు.

సక్క్ కూడా పారశీక "చక్" నుంచి అరబ్బీలోకి వెళ్లిందని చెప్పే పండితులున్నారు. అది నిజమైనా, ఆ చక్ పత్రం, ఈ షా రాజు. రెండూ ఒక భాషవే గానీ ఒక తల్లివి కావు.

ప్రశ్న అడిగినవారు:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. మా మిత్రుడు మాత్రం తగ్గడం లేదు. "కర్ర మీద గాట్లు చెక్కేవారని వాళ్లే ఒప్పుకున్నారు కదా, మరి చెక్కడం నుంచి చెక్కు రాలేదని ఎలా అంటారు?" అని ఇప్పుడు ట్యాలీని కూడా తన వైపు లాక్కుంటున్నాడు.

జవాబు:

మీ మిత్రుడి చురుకుదనం నాకు నచ్చింది. కానీ ట్యాలీ ఆయనకు సాక్ష్యం చెప్పదు. ఆ కర్రలను ఇంగ్లీషులో ఎవరూ చెక్ అనలేదు. ట్యాలీ అన్న పేరు లాటిన్‌లో కొమ్మ, పుల్ల అనే అర్థం ఉన్న "తాలెయ" నుంచి వచ్చింది. చెక్ అన్న పేరు కాగితపు ముక్కతోనే మొదలు.

మన చెక్కు స్వతంత్రమైన తెలుగు మాట. శిల్పి రాయి చెక్కుతాడు, పెన్సిలు చెక్కుతాం, పండు మీది తొక్కను చెక్కు అంటాం, కర్ర పలక చెక్క. "చెక్కు చెదరకుండా" అంటాం, పైపొర కూడా చెదరలేదు అని. ఈ కుటుంబమంతా కోయడం, పైనుంచి తీయడం, తీయగా వచ్చిన పొర అనే భావాల చుట్టూ తిరుగుతుంది. ఇంగ్లీషు చెక్‌లో ఆ భావాల జాడే లేదు. అందులో ఉన్నది ముప్పు, అడ్డు, అదుపు, సరిచూపు. రెండు మాటలు ఒకలా వినిపించాయంటే అర్థాల వరుస కూడా కలవాలి, కలిసిన కాలం కూడా కనిపించాలి. ఈ రెండూ లేనిచోట పోలికను పోలికగానే వదిలేయాలి. తెలుగును తక్కువ చేయడం కాదిది. మన మాటకు దాని సొంత చరిత్ర ఉంది, దానికి లండన్ బ్యాంకు తోడు అక్కర్లేదు.

ఒక సంగతి మాత్రం మీ మిత్రుడికి చెప్పండి, సంతోషిస్తారు. బ్రిటన్‌వారు స్పెల్లింగుతో చేసిన పనిని తెలుగు చివరి అచ్చుతో చేసింది. డబ్బుదైతే "చెక్కు ఇచ్చారు", "చెక్కు చెల్లలేదు" అని ఉకారంతో అంటాం. అడ్డుకోవడమైతే పత్రికలు "ప్రత్యర్థికి చెక్ పెట్టారు" అని హలంతంగా రాస్తాయి. అక్కడ "చెక్కు పెట్టారు" అంటే బ్యాంకులో వేశారనిపిస్తుంది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. రెండు అర్థాలు ఒకే మాటలో ఇరుకుగా ఉన్నప్పుడు వాడుకే వాటికి చోటు చూసింది. పైగా "చెక్ పెట్టడం" అన్నప్పుడు మనం తెలియకుండానే తిరిగి చదరంగపు పలక దగ్గరికే వెళ్తున్నాం.

మరో సభ్యుడు:

సక్క్ వాదన వదులుకుంటున్నాను, మధ్యధరా రేవుల తర్కం నన్ను ఒప్పించింది. ఒక చిన్న సందేహం. ఫ్రెంచిలో "ఎషెక్" అంటే ఓటమి, వైఫల్యం అని విన్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు:

ఉంది, అదే మాట. పాత "ఎస్చెక్" ఫ్రెంచిలో "ఎషెక్" అయింది. ఏకవచనంలో వైఫల్యం, బహువచనంలో చదరంగం. ఇంగ్లీషు వాళ్లు ఆటలోని ముప్పును అదుపు వైపు నడిపిస్తే, ఫ్రెంచి వాళ్లు ఓటమి వైపు నడిపించారు. తర్వాత ఇంగ్లీషు నుంచి "షెక్" దిగుమతి అయ్యాక, ఒకే రాజుగారి పేరు ఫ్రెంచిలో వైఫల్యంగానూ చెల్లింపుగానూ రెండు రూపాల్లో నిలిచింది. మాటలు వలస వెళ్లి, వేషం మార్చి, తిరిగి పుట్టింటికి వచ్చే ఉదాహరణల్లో నాకు ఇది చాలా ఇష్టమైనది.

గళ్ల గుడ్డను చెక్స్ అనడం గురించి ఎవరూ అడగలేదు గానీ అదీ ఇక్కడిదే. ఎక్స్‌చెకర్‌కు పేరిచ్చిన పలకే దానికీ పేరిచ్చింది. ఖాళీ చెక్కు అన్న ప్రయోగం రాజకీయాల్లోకి కూడా వెళ్లింది. 1914 జులైలో ఆస్ట్రియా–హంగరీకి జర్మనీ ఇచ్చిన షరతుల్లేని మద్దతును చరిత్రకారులు "ఖాళీ చెక్కు" అనే పిలుస్తారు. సంతకం ఒకరిది, మొత్తం రాసుకునేది ఇంకొకరు అన్న అర్థం అక్కడ ఎంత భయంకరంగా సరిపోయిందో తర్వాతి నాలుగేళ్లు చూపించాయి.

ఈ చర్చకు ఒక పని మిగిలి ఉంది. తెలుగు అచ్చులో చెక్కు అన్న మాట డబ్బు కాగితం అర్థంలో మొదట ఎప్పుడు కనిపించింది, అప్పుడు ఉకారంతో రాశారా, "చెక్" అని రాశారా? పాత పత్రికలూ, పాత లెక్కల పుస్తకాలూ దగ్గర ఉన్నవారు చూసి, వాక్యమూ సంవత్సరమూ రెండూ ఇక్కడ రాయండి. సంవత్సరం లేని ఉదాహరణ ఎంత బాగున్నా ఈ లెక్కకు పనికిరాదు.